ద్వీపాంతర వివాహములును, భార్యాప్రవేశ చరిత్రమును

మహాసభకు విచ్చేయు బంధుజనము విడిదిగృహములయందును భోజనపంక్తులయందును ముచ్చటించుకొను విషయములలో సంబంధముల ప్రసంగమునకు ఎల్లప్పుడును అగ్రస్థానమే. ఇటీవల ఆ ప్రసంగమునకు ఒక క్రొత్త తోక మొలచినది. వరుని చదువును, కుటుంబమును, ఆస్తిపాస్తులను విచారించిన వెంటనే "పెండ్లియైన పిదప అమ్మాయికి వీసా ఎన్ని నెలలకు వచ్చును?" అని యడుగుచున్నారు. కుమారుడు అన్యదేశపు కన్యను వరించిన యింట "కోడలు మన దేశమున నిలుచుటకు ఏ కాగితము కావలెను?" అని యడుగుచున్నారు. ఈ ప్రశ్నలు నిన్న మొన్న పుట్టినవని మనవారిలో పెక్కండ్రు తలంతురు. వీనికి నూఱేండ్లకు మించిన చరిత్ర కలదు. ఆ చరిత్రలో న్యాయస్థానములే కాక కారాగారములును కలవు. పదునాఱేండ్ల బాలిక యొకతె మరణమును కలదు. దానిని మన పిల్లలకు ఎవ్వరును చెప్పుట లేదు గావున ఈ సంచికయందు కొంత వ్రాయ సాహసించుచున్నాను.

మన యిండ్లలో వివాహమునకు సాక్షి ఎవరు? అగ్నిహోత్రుడు, పురోహితుడు, ఇరువైపుల బంధువులు. కాగితమనగా లగ్నపత్రికయు శుభలేఖయు మాత్రమే. మంగళసూత్రధారణమై, సప్తపది నడచి, తలంబ్రాలు పోసికొన్న దంపతులను జూచి "ఇది వివాహమేనా?" అని యడిగినవా డెవ్వడును మన గ్రామములలో లేడు. ఆ ప్రశ్న మొదట ఓడరేవులలో పుట్టినది. అడిగినవాడు ఇమ్మిగ్రేషను అధికారి.

ఆ ప్రశ్నకు మూలము ఇంగ్లండులోని యొక తీర్పు. 1866లో హైడు అను పేరుగల దంపతుల వ్యాజ్యమున లార్డు పెన్జాన్సు తీర్పు చెప్పెను. క్రైస్తవదేశములలో వివాహమనగా ఒక పురుషునకును ఒక స్త్రీకిని, ఇతరులకు తావులేకుండ, జీవితాంతము కలుగు స్వచ్ఛంద సంబంధమే యనియు, అన్యవిధమైన సంబంధమును ఆంగ్ల న్యాయస్థానము వివాహముగా జూచి విడాకు లీయజాలదనియు దాని సారాంశము. వింత యేమనగా ఆ దంపతు లిద్దఱును తెల్లవారే. వారు అమెరికాలోని యూటా ప్రాంతమున మార్మను మతమును బట్టి వివాహమాడిరి. ఆ మతము నాడు బహుభార్యాత్వమునకు సమ్మతించినది. హైడునకు భార్య యొక్కతెయే. అయినను అతని వివాహము ఆ న్యాయస్థానమున లెక్కకు రాలేదు. వివాహమాడినవాని నడవడి యెట్టిదని చూడక, వివాహము జరిపించిన మతము దేనికి సమ్మతించునని చూచుట ఇందలి మర్మము. ఈ మర్మమే తరువాత దక్షిణాఫ్రికాయందు మనవారి కుటుంబములమీద పడినది.

1860 నవంబరు 16వ తేదీన ట్రూరో అను ఓడ చెన్నపట్టణమునుండి డర్బను రేవు చేరినది. నేటాలు చెఱకుతోటలకు ఒడంబడిక కూలీలను గొనిపోయిన మొదటి ఓడ యదియే. అది మొదలు 1911 వఱకు లక్షన్నర మంది యట్లు పోయిరి. వారిలో మూడింట రెండువంతులు చెన్నపట్టణపు రేవున ఓడ యెక్కినవారే. విశాఖపట్టణము, ఉత్తర ఆర్కాటు మొదలగు జిల్లాల తెలుగువారు వారిలో వేలకొలది. ఐదేండ్ల ఒడంబడికకు బొటనవ్రేలి ముద్ర వేసి పోయిన ఆ నాయుళ్లు, రెడ్లు, మఱియు పేరు చివర ఏ బిరుదమును లేని జనులు ఏ కులమువారైనను, ఓడయందు ఒక్క పంక్తిని భుజించిరి.

కూలీలతోబాటు స్త్రీలను గూడ నియమిత సంఖ్యలో, నూర్గురు పురుషులకు నలువదిమంది చొప్పున, పంపవలయునని నిబంధన యుండెను. ఆ స్త్రీపురుషుల వివాహములను రిజిష్టరు చేయుటకు కూలీల సంరక్షకుడను అధికారి నేటాలునందు ఉండెను. కావున చెఱకుతోటలో పనిచేయు కూలీ వివాహము సర్కారు పుస్తకమున కెక్కినది. తన సొమ్ముతో ఓడ టిక్కెట్టు కొని వర్తకమునకో ఉద్యోగమునకో పోయిన స్వతంత్రుని వివాహము ఏ పుస్తకమునకును ఎక్కలేదు. గౌరవము కలవాడనుకొన్నవాడే ఈ విషయమున నిరాధారుడయ్యెను.

ఆ స్వతంత్రులు సాధారణముగా ఒంటరిగా పోయి, కొన్నేండ్లు ఆర్జించి, స్వదేశమునకు వచ్చి వివాహమాడి, భార్యను తల్లిదండ్రులయొద్ద విడిచి మరల పోయెడివారు. ఇల్లు వాకిలి కుదిరిన పిదప ఆమెను రప్పించుకొనెడివారు. 1897లో నేటాలు ప్రభుత్వము ప్రవేశ నిరోధక చట్టము చేసినది. ఐరోపాభాషలలో ఒకదానిని వ్రాయనేర్వనివాడు దిగరాదు. కాని అట్లు దిగ నర్హత కలవాని భార్యకును మైనరు బిడ్డలకును ఈ పరీక్ష లేదు. నేటి వీసాల చట్టములకు ఇది పూర్వరూపము. స్త్రీకి స్వయముగా ప్రవేశము లేదు, భార్య యగుటచే ప్రవేశము కలదు. అంతటితో ఆమె బ్రతుకంతయు "భార్య" యను ఒక్క శబ్దము యొక్క అర్థమునందు చిక్కుకొన్నది.

ఆ శబ్దార్థమును నిర్ణయించు వ్యాజ్యము 1913లో వచ్చినది. పోర్టు ఎలిజబెతు పట్టణమున నివసించు హసన్ ఈసపు అను మహమ్మదీయుడు స్వదేశమున బాయి మరియము అను స్త్రీని తమ మతాచారము ననుసరించి వివాహమాడెను. ఆమెను రప్పించుకొనగా అధికారులు దిగనీయలేదు. భర్త కేపు ప్రాంతపు ఉన్నత న్యాయస్థానమునకు పోయెను. 1913 మార్చి 14వ తేదీన న్యాయమూర్తి మాల్కం సర్లు తీర్పు చెప్పెను. బహుభార్యాత్వమునకు సమ్మతించు మతము ననుసరించి జరిగిన వివాహమును ఈ దేశపు చట్టము వివాహముగా నెఱుగదు. కావున ఈమె చట్టము చెప్పు భార్య కాదు. ఆమెకు ప్రవేశము లేదు. ఈసపునకు వేఱొక భార్య యున్నదా యనుట అచట ప్రశ్నయే కాలేదు. 1866 నాటి మార్మను తర్కము సముద్రము దాటి మరియముబాయి యెదుట నిలిచెను.

ఇది ఒక మహమ్మదీయ స్త్రీ కథ కదా, మనకేమి యని కొందఱు నాడును తలచియుందురు. తీర్పు అందఱికిని తగిలినది. నాటి హిందూధర్మశాస్త్రము గూడ పురుషునకు బహుభార్యాత్వమును నిషేధింపలేదు. హిందువులకు ఆ నిషేధము మన దేశమంతట చట్టరూపమున వచ్చుట 1955లో. కావున హిందువుల, మహమ్మదీయుల వివాహములన్నియు దక్షిణాఫ్రికాయందు ఒక్క పెట్టున వివాహములు కాకపోయెను. ఇల్లాండ్రు ఉంపుడుగత్తెలతో సమానులైరి, బిడ్డలు తండ్రియాస్తికి హక్కులేనివారైరి. క్రైస్తవ పద్ధతిని గాని, రిజిష్ట్రారు నెదుట గాని పెండ్లాడినవారు మాత్రము మిగిలిరి.

గాంధీగారు అప్పటికి ఏడేండ్లుగా సత్యాగ్రహము నడపుచుండిరి. అంతవఱకు ఆందోళనమంతయు పురుషుల పేర్లు, బొటనవ్రేలి ముద్రలు, అనుమతిపత్రములు అను వానిని గూర్చినది. స్త్రీలను కారాగారమునకు పంపుటకు ఆయన సమ్మతింపలేదు. సర్లు తీర్పు ఆ సంకోచమును తొలగించెను. ఫీనిక్సు ఆశ్రమమున నివసించిన రావుజీభాయి పటేలు తన జ్ఞాపకములలో ఒక సంభాషణమును వ్రాసియుంచెను. నేటినుండి నీవు నా భార్యవు కావని గాంధీగారు వంటయింటిలో కస్తూరిబాతో ననగా, ఈ మాట యెవరు కల్పించిరని ఆమె యడిగెనట. ప్రభుత్వమువారు చెప్పుచున్నారని వివరింపగా, అట్లైన స్వదేశమునకే పోవుదమనెను. పారిపోవుట తగదని ఆయన యనగా, కడకు నేనును జైలుకు పోవుదునని తానే పలికెను. ఈ సంభాషణమును కొందఱు వినోదముగా చెప్పుదురు. నాకు వినోదముగా తోచదు. పదమూడేండ్ల వయస్సున పెండ్లియై, ముప్పదియేండ్లు కాపురము చేసి, నలువురు బిడ్డలను గన్న యిల్లాలితో ఆమె పెండ్లి చెల్లదని చెప్పవలసి వచ్చెనన్నచో ఆ దినము లెట్టివో గ్రహింపవచ్చును.

అదే యేడు ప్రభుత్వమువారు ప్రవేశమును గూర్చి క్రొత్త చట్టమును, 1913 సంవత్సరపు 22వ దానిని, చేసిరి. అందు భార్యను గూర్చిన నిబంధనమును సవరించి, ఏ మతాచారము ననుసరించి జరిగినను "ఏకపత్నీక" వివాహమైనచో చెల్లునని చేర్చిరి. పైకి ఉదారముగా కనబడు మాట. బహుభార్యాత్వమునకు సమ్మతించు మతమున జరిగిన పెండ్లిని న్యాయస్థానము ఏకపత్నీకమని యొప్పుకొనదు గావున మనవారి కది శూన్యహస్తము. కాగితముమీది యొక్క విశేషణము ఎంత పని చేయగలదో ఇచట స్పష్టము.

1913 సెప్టెంబరు 15వ తేదీన ఫీనిక్సునుండి పదునాఱుగురు బయలుదేరిరి. అందు కస్తూరిబాతో గూడ నలువురు స్త్రీలు. అనుమతి లేక ట్రాన్సువాలు సరిహద్దు దాటి, పట్టువడి, మూడుమాసముల కఠినశిక్ష పొందిరి. అదే సమయమున ట్రాన్సువాలునుండి పదునొకండుగురు స్త్రీలు ఎదురుదిశగా నేటాలులో ప్రవేశించిరి. వారిలో ఒకరు తప్ప తక్కినవారందఱు తమిళులు. పెక్కండ్ర చంకలలో పసిబిడ్డలు. తంబినాయుడుగారి భార్యయు వారిలో నుండెను. నాయుడు శబ్దమును జూచి తంబినాయుడు మనవాడని తెలుగువారు చెప్పుకొనుట కలదు. గాంధీగారు మాత్రము ఆయనను మారిషసున పుట్టిన తమిళునిగా వ్రాసిరి. ఆ తగవు నిచట తీర్పనక్కఱ లేదు. ఆ స్త్రీలు న్యూకాసిలు బొగ్గుగనులయొద్దకు పోయి కూలీలతో మాటలాడిరి. మాట నిప్పువలె వ్యాపించినది. గనుల కూలీలు పనిమానిరి. పెండ్లిని గూర్చిన తగవు, ఒడంబడిక తీరిన కూలీలు ఏటేట చెల్లింపవలసిన మూడు పౌనుల పన్నును గూర్చిన తగవుతో కలిసిపోయెను. నవంబరు 6వ తేదీన సరిహద్దునకు నడచిన వారి సంఖ్యను గాంధీగారు లెక్కించి చెప్పిరి: పురుషులు 2,037, స్త్రీలు 127, బిడ్డలు 57.

ఈ వార్త చెన్నపట్టణమునకు చేరినప్పుడు రాజప్రతినిధి లార్డు హార్డింజి అచటనే యుండెను. ట్రూరో ఓడ బయలుదేరిన ఆ పట్టణముననే, 1913 నవంబరులో, ఆయన సత్యాగ్రహులయెడల బహిరంగముగా సానుభూతి తెలిపెను. సామ్రాజ్యాధికారి యొకడు మఱియొక సామ్రాజ్యభాగపు ప్రభుత్వమును అట్లు తప్పుపట్టుట లండనునందు పెద్ద సంచలనము గలిగించెను.

కారాగారమునుండి జ్వరముతో తిరిగివచ్చిన వళ్లియమ్మ 1914 ఫిబ్రవరి 22వ తేదీన మరణించెను. ఆమెకు పదునాఱేండ్లు. పెండ్లికాని పిల్ల. ఇతరుల పెండ్లి చెల్లుటకై ప్రాణము విడిచినదని చెప్పవచ్చును.

సర్ విలియం సోలమను అధ్యక్షతను నియమింపబడిన విచారణసంఘము మార్చిలో నివేదిక నిచ్చెను. గాంధీ స్మట్సుల ఒడంబడిక జరిగెను. 1914లో భారతీయుల కష్టనివారణ చట్టము వచ్చెను. చిత్రముగా దాని సంఖ్యయు 22యే. దానిచేత మన పురోహితులను, మౌల్వీలను వివాహాధికారులుగా నియమించుటకు వీలు కలిగెను. ఆచారరీతిని జరిగినను వాస్తవమున ఒక్క భార్యయే యున్న వివాహమును రిజిష్టరు చేయించుకొని చెల్లించుకొనవచ్చును. మతము బహుభార్యాత్వమునకు సమ్మతించినను, అచట వేఱుభార్య లేనిచో ఒక భార్య ప్రవేశింపవచ్చును. మూడు పౌనుల పన్నును రద్దయ్యెను. రెండవ భార్యలు గల మహమ్మదీయులలో కొందఱు ఈ పరిష్కారమునకు సంతసింపలేదు. వారి అసంతృప్తి నిరాధారమని చెప్పజాలను. ఒకరి యిల్లు నిలుపుటకు వేఱొకరి యింటి గోడ కూలినది. కాని "ఆచారము చెల్లును, దానిని వ్రాయించుకొనవలయును" అను సూత్రము ఆ యేటినుండి స్థిరపడెను.

1918లో లండనునందు జరిగిన సామ్రాజ్య యుద్ధసమావేశము మఱియొక యడుగు వేసెను. పరరాజ్యభాగములందు స్థిరపడిన భారతీయులు ఒక భార్యను, ఆమె బిడ్డలను రప్పించుకొనవచ్చుననియు, ఆమె నిజముగా అతని భార్యయేనని భారతప్రభుత్వము ధ్రువీకరింపవలయుననియు తీర్మానించిరి. కెనడాలో ఈ తీర్మానమునకు ఎదురుచూచినవారు పెక్కండ్రు. అచట 1908 నాటి నిబంధనప్రకారము స్వదేశమునుండి నేరుగా, నడుమ ఓడ మారకుండ, వచ్చినవారికే ప్రవేశము. అట్టి ఓడ యుండనే లేదు. 1912లో భాగసింగు, బలవంతసింగు అను సిక్కుల భార్యలు వాంకూవరు చేరగా వారిని త్రిప్పిపంప నాజ్ఞ యయ్యెను. పెక్కు మాసముల పోరాటము పిమ్మట, హక్కుగా గాక దయగా, వారిని నిలువనిచ్చిరి. దయకును హక్కునకును గల భేదము ఓడనుండి దిగనీయబడని యిల్లాలికి తెలిసినంతగా న్యాయశాస్త్రులకు తెలియదు.

దక్షిణాఫ్రికాలో భారతప్రభుత్వపు ఏజెంటుగా శ్రీనివాసశాస్త్రిగారి తరువాత, 1929 మొదలు 1932 వఱకు, మన కూర్మా వేంకటరెడ్డినాయుడుగారు పనిచేసిరి. అప్పటికి 1927 నాటి కేపుటౌను ఒడంబడిక అమలున నుండెను. భార్యల, బిడ్డల ధ్రువపత్రములను భారతప్రభుత్వమే ఇయ్యవలయునను నియమమును అందు మరల చేర్చిరి. 1931లో, నాయుడుగారు అచట నుండగనే, దక్షిణాఫ్రికా ఆంధ్రమహాసభ స్థాపితమయ్యెను. అచటి తెలుగు కుటుంబములు నేటికిని పెండ్లిండ్లలో మన యాచారములను పాటించుచున్నవి.

1914లో గెలిచిన ద్వారమును 1953లో మూసిరి. ఆ యేటి ప్రవేశచట్ట సవరణతో స్వదేశమునుండి భార్యలను రప్పించుకొను హక్కు తొలగిపోయెను. రిజిష్టరు చేయని హిందూవివాహమున భర్తను గోల్పోయిన స్త్రీకి వారసత్వహక్కు కలదని డర్బను ఉన్నతన్యాయస్థానము చెప్పుట 2008లో. మహమ్మదీయ వివాహములను చట్టము గుర్తింపకుండుట రాజ్యాంగవిరుద్ధమని ఆ దేశపు రాజ్యాంగ న్యాయస్థానము నిర్ణయించుట 2022లో. మరియముబాయి నాటినుండి లెక్కించినచో నూటతొమ్మిదియేండ్లు.

అమెరికాలో కథ వేఱు. కాలిఫోర్నియా పొలములలో పనిచేయబోయిన పంజాబీలకు 1917 నాటి చట్టముచేత స్వదేశమునుండి భార్యలను రప్పించుకొనుటకు త్రోవ మూసికొనిపోయెను. వర్ణభేదము గల స్త్రీపురుషుల వివాహమును ఆ రాష్ట్రపు చట్టము నిషేధించెను. అందుచే పెక్కండ్రు మెక్సికో స్త్రీలను పెండ్లాడిరి. ఆ యిండ్లలో రొట్టె, మిరపకాయ, రెండు మతములు, మూడు భాషలు కలిసి పెరిగినవి. పంజాబునందు ఇరువదేండ్లకు పైగా భర్తకై నిరీక్షించిన మొదటి భార్యలను గూర్చి వ్రాసినవారు తక్కువ. పెండ్లిచేత స్త్రీ పోగొట్టుకొనునది గూడ నుండెను. 1907 నాటి చట్టమున విదేశీయుని పెండ్లాడిన అమెరికా స్త్రీ తన పౌరత్వమును కోలుపోవును. 1922లో దానిని సవరించినను, పౌరత్వమునకు అనర్హుడైన జాతివానిని పెండ్లాడినచో శిక్ష నిలిచియే యుండెను. 1923లో భగతసింగు తిండు వ్యాజ్యమున భారతీయులు అట్టి అనర్హులని సర్వోన్నతన్యాయస్థానము తీర్పు చెప్పెను. ఆ మఱుసటి యేట తారకనాథదాసుగారిని వివాహమాడిన మేరీ కీటింజి దాసు, అమెరికాలోనే పుట్టిపెరిగినదయ్యు, ఏ దేశమునకును చెందని స్త్రీ యయ్యెను. ఆ నిబంధనము 1931లో పోయెను; భారతీయులకు ఏటికి నూర్గురి ప్రవేశము 1946లో లభించెను; జాతినిషేధము 1952లో తొలగెను. మన తెలుగువారు పెద్దసంఖ్యలో పోవుట 1965 చట్టము తరువాతి మాట. అప్పటినుండి అచట తగవు జాతిని గూర్చినది గాక, పెండ్లి నిజమా కల్పితమా యనుటను గూర్చినదైనది. 1986 నాటి చట్టముచేత, పెండ్లియై రెండేండ్లు నిండకయే ప్రవేశించిన భార్యకు గాని భర్తకు గాని నిబంధనలతో గూడిన నివాసమే లభించును. రెండేండ్లకు ఇరువురును మరల రుజువు చూపవలయును.

ఆ రుజువు ఎట్లుండునో మా బంధువర్గమున నొకసారి చూచితిమి. శుభలేఖలో వధువు ముద్దుపేరును, పాఠశాల పత్రములో అసలుపేరును, పాస్‌పోర్టులో ఇంటిపేరు వెనుకకు పోయిన మఱియొక పేరును ఉండుటచే, మువ్వురు స్త్రీలు ఎవరని అధికారి యడిగెను. తలంబ్రాల ఛాయాచిత్రములో ముసుగు కప్పిన పూలజడ తప్ప ముఖము కనబడలేదు. ఆ చిక్కు వీడుటకు ఏడుమాసములు పట్టెను. నవ్వుదమన్న నవ్వురాని మాసము లవి. అత్తవారింట అడుగు పెట్టని క్రొత్తకోడలిని జూచి ఇరుగుపొరుగు వేయు ప్రశ్నలు ఎట్టివో స్త్రీ పాఠకులకు నేను చెప్పనక్కఱ లేదు.

ఇంగ్లండున ఈ రుజువు అన్వేషణ ఎంతవఱకు పోయెనో 1979లో లోకమునకు తెలిసినది. నాడు పెండ్లికై వచ్చు కన్యకు ముందుగా ప్రవేశపత్రము అక్కఱలేకుండెను, పెండ్లియైన భార్యకు కావలసియుండెను. కావున ముప్పదియైదేండ్ల భారతీయ ఉపాధ్యాయిని యొకామె హీత్రో విమానాశ్రయమున దిగగా, ఈమె కన్యయేనా యని నిర్ణయించుటకు శరీరపరీక్ష చేయించిరి. పత్రికలలో ఆ వార్త పొక్కగా భారతప్రభుత్వము తీవ్రముగా నిరసించెను. ఆ యాచారమును మాన్పించిరి. అట్టి పరీక్షలకు గురియైన స్త్రీలు ఎనుబదిమందికి తక్కువ కాదని 2011లో వెలువడిన పాత దస్త్రముల వలన తెలియవచ్చినది. అటుపిమ్మట 1985లో ఐరోపా మానవహక్కుల న్యాయస్థానము, భర్తకు భార్యను రప్పించుకొనుట సులభమై, భార్యకు భర్తను రప్పించుకొనుట కష్టమగుట స్త్రీలయెడల వివక్షయని చెప్పెను. ఆంగ్లప్రభుత్వము దానిని శిరసావహించిన తీరు విచిత్రము: స్త్రీలకు సులభము చేయుటకు మాఱుగా పురుషులకును కష్టము చేసినది. రుజువునకు వరుమానపు కొలతయు తోడైనది. 2012లో ఏటికి 18,600 పౌనులుగా నిర్ణయించిన దానిని 2024లో 29,000 చేసిరి.

పరుల ద్వారములను గూర్చి ఇంత వ్రాసి మన ద్వారమును విడుచుట న్యాయము కాదు. విదేశములలో మన పౌరులు పెండ్లాడుటకు 1969 నాటి విదేశవివాహ చట్టము కలదు. దానిచేత మన రాయబార కార్యాలయములలోని వివాహాధికారి యెదుట, ముప్పది దినముల ప్రకటన పిమ్మట, పెండ్లి జరుపుకొనవచ్చును. అట్లు పెండ్లాడిన అన్యదేశీయ స్త్రీకి మన దేశమున ప్రవేశవీసా వేఱుగా కావలయును. ప్రవాస భారతీయ పౌరపత్రము కోరినచో, 2015 నాటి సవరణ ప్రకారము, వివాహము రిజిష్టరై రెండేండ్లు నిండి నిలిచియుండవలయును. రెండేండ్ల గడువు మన చట్టమునను చేరినది! పౌరత్వమునకు ఏడేండ్ల నివాసము. పరుల చట్టమును నిందించునప్పుడు దీనిని గూడ తలంపవలయును. మన యింటికి వచ్చిన విదేశపు కోడలు విదేశీయుల నమోదు కార్యాలయమున నిలిచి, తానెవరో ఋజువు చేసికొనుచునే యున్నది.

వివాహములను రిజిష్టరు చేయించుట ఆంధ్రప్రదేశమున 2002 నాటి 15వ చట్టముచేత తప్పనిసరి యైనది. 2006లో మన సర్వోన్నతన్యాయస్థానము దేశమంతటను అట్లే చేయవలయునని రాష్ట్రముల నాదేశించెను. దీనితో తఱచుగా ఒక క్రొత్త యలవాటు పుట్టినది. వరునికి సెలవు లేదు, ముహూర్తము దూరముగ నున్నది, వీసాకు దరఖాస్తు మాత్రము వెంటనే పెట్టవలయును. కావున ముందు రిజిష్ట్రారు కార్యాలయమున కాగితము పుట్టించి, పెండ్లి తరువాత చేయుదమని పెద్దలే సలహా చెప్పుచున్నారు. అట్టి యొక జంట తగవు సర్వోన్నతన్యాయస్థానమునకు పోయినది. వారిరువురును విమానచోదకులు. పత్రము పుట్టినది గాని పెండ్లి జరుగలేదు, మనస్సులు విడిపోయినవి. 2024 ఏప్రిలులో న్యాయమూర్తులు నాగరత్నగారును, మసీహుగారును తీర్పు చెప్పిరి. 1955 నాటి హిందూవివాహ చట్టము ప్రకారము ఆచారవిధులు జరుగనిదే వివాహము లేదు. సప్తపది ఆచారమైనచోట ఏడవ యడుగుతోనే అది పూర్తియగును. విధి లేనిచోట రిజిష్టరు చేసిన పత్రము వివాహమును పుట్టింపజాలదు. వీసాలకొఱకు ముందుగా పత్రములు పుట్టించుకొను యీ యలవాటును గూడ న్యాయమూర్తులు తమ తీర్పులో ప్రస్తావించిరి. ఆ జంట పత్రము చెల్లదని ప్రకటించిరి. వారు ఎన్నడును దంపతులు కారనియు చెప్పిరి.

1913లో కేపుటౌనున మరియముబాయికి పెండ్లి జరిగినది గాని, ఆ దేశపు చట్టము దానిని ఒప్పలేదు. 2024లో ఢిల్లీయందు ఈ జంటకు పత్రము కలదు గాని, పెండ్లి జరుగలేదు.